పదిహేడో వార్డు గొలుసు

తేది 14, మంగళవారం
పొద్దున తొమ్మిది గంటలు

చిరంజీవి, సౌభాగ్యవతి, యాభై ఆరేళ్ళొచ్చినా నాకింకా చిట్టితల్లివే అయిన మా అమ్మాయికి,

నాన్న రెండు చేతులూ ఎత్తి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నా మోకాళ్ళు మాత్రం క్షేమం కాదు. కానీ నిన్న అవి నన్ను నిండు సభలో అరగంట నిలబెట్టాయి కాబట్టి వాటి పాత నేరాలన్నీ మాఫీ చేశాను. అక్కడ నువ్వూ అల్లుడుగారూ మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తల్లీ, నా సంతోషం పట్టడానికి ఈ కాగితం చాలదు. నా కోపం పట్టడానికి ఊళ్ళో ఉన్న కాగితాలన్నీ చాలవు. ముందు కాఫీ తాగండి, రెండూ చల్లారతాయి అంది మీ అమ్మ. చల్లారకూడదనే తాగలేదు. నేను చదివింది ఏడో తరగతి, అందులోనూ లెక్కలు తప్పితే మిగతావన్నీ తప్పాను. కాబట్టి అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నిన్న సర్వే ఆఫీసు హాల్లో మూడొందల మంది ముందు మైకులో నీ పేరు చదివారు. మన ఊరి మ్యాపుని కంప్యూటర్లో మొదట నిలబెట్టింది ఈవిడేనేమో అన్నారు. ఆ "ఏమో" ఒక్కటీ నాకు నచ్చలేదు, ఆ సంగతి తర్వాత రాస్తాను. పేరు వినగానే మీ అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా గిల్లిందంటే ఇంకా కమిలి ఉంది. నాకు ఎనభై మూడేళ్ళు. ఇంత సంతోషం ఈ ఒంటికి ఎక్కువేమో అని భయపడ్డాను.

ఇక కోపం. నిన్నటి సభ ఎందుకో నీకు తెలుసు. మన ఊరి మ్యాపు కంప్యూటర్లోకి ఎక్కి ముప్పై ఏళ్ళయిందని ఆఫీసువాళ్ళు చేసుకున్న వేడుక. నీకూ పిలుపు వచ్చింది. నాకు పని ఉంది, నువ్వూ అమ్మా వెళ్ళి రండి నాన్నా అన్నావు. వెళ్ళాం. గేటు దాటగానే ఒళ్ళు మండింది. ఆవరణలో రెండు రాళ్ళుంటాయి చూడు, ప్రతి పొద్దునా చైన్‌మన్లందరం భూమి కొలిచే గొలుసు పరిచి, పొడవు సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవాల్సిన రాళ్ళు. వాటి మీద పూలకుండీలు పెట్టారు! ముప్పై నాలుగేళ్ళు చైన్‌మన్‌గా చేసినవాణ్ణి, నా కళ్ళతో నేను చూశాను. ఇదేమిటయ్యా అని కాపలా మనిషిని అడిగితే, అందంగా లేదా తాతా అన్నాడు. అందమట!

లోపల వేదిక మీద తలుపంత ఇత్తడి పలక, దాని మీద గుడ్డ. గుడ్డ తీశారు. ఇస్త్రీ సారు పేరు, దాని కింద "కంప్యూటర్ మ్యాపుల పితామహుడు" అని చెక్కి ఉంది. ఇస్త్రీ సారంటే నీ పాత పెద్దసారే. చొక్కా మడత చెదురుతుందని మౌసు కూడా ముట్టుకునేవాడు కాదని నువ్వే చెప్పి నవ్వించేదానివి. రిటైరై ఇరవై ఏళ్ళయినా చొక్కా మడత మాత్రం రిటైరవలేదు. పితామహుడట! తాత అవ్వాలంటే ముందు ఒక్క బిడ్డనైనా కని ఉండాలి కదా అని నేను కాస్త పైకే అన్నాను. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మీ అమ్మ, ఏమండీ, మీ గొంతు మీకు వినపడదు గానీ ఊరికి వినపడుతుంది అని నా చొక్కా పట్టి లాగింది.

అతగాడు మైకు అందుకుని ముప్పావు గంట మాట్లాడాడు. రోడ్లు ఒక పొర, నీళ్ళ గొట్టాలు ఒక పొర, ఇళ్ళు ఒక పొర, వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి యంత్రాన్ని ప్రశ్న అడగడం నేనే కనిపెట్టాను అన్నాడు. నువ్వు రెండో తరగతిలో ఉండగా, ఆఫీసులో పారేసిన ట్రేసింగ్ కాగితం ముక్కలు నేను ఇంటికి తెస్తే, వాటి మీద బొమ్మలు గీసి వంటింటి కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి అంటించి, నాన్నా చూడు, మా బడిలోంచి పంపు దాకా దారి కనపడుతోంది అన్నావే! అప్పుడు ఈ పితామహుడు ఎక్కడున్నాడు? మా వంటింట్లో నేను చూడలేదు మరి.

ఆ తర్వాత ఫైరింజను కథ కూడా తనదే అన్నాడు. ఫైరింజను తిరగలేని సందులేవి అని నువ్వు యంత్రాన్ని అడిగితే నలభై మూడు సందుల జాబితా బయటికొచ్చింది. ఫైర్ స్టేషన్ పెద్దాయన ఆ కాగితం పట్టుకుని స్వయంగా మన ఇంటికొచ్చి, అమ్మాయ్, ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తెలిసినవి ఇరవై అన్నాడు. మీ అమ్మ కాఫీ ఇచ్చింది. ఆ గ్లాసు ఏదో కూడా నాకు గుర్తుంది. ఆ పెద్దాయన పోయాడు, గ్లాసుకు నోరు లేదు, కాబట్టి కథ ఇస్త్రీ సారుదైపోయింది.

అందరికీ ఒక చిన్న పుస్తకం పంచారు. అందులో ఆఖరి పేజీలో నీ పేరుంది తల్లీ. "సహకరించిన ఆపరేటర్లు" అని ఆరుగురు, అందులో నువ్వు అయిదో మనిషివి. అక్కడికే నా రక్తం ఉడికింది. అసలుది మధ్య పేజీలో ఉంది. పదిహేడో వార్డు కథ.

ఆ కథ నీకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నిన్న నా పక్క కుర్చీ ఆవిడకు చెప్పినట్టే నీకూ రాస్తాను, రాస్తే గాని నా కడుపుమంట తగ్గదు. పాత రోజుల్లో వార్డుకో షీటు. ఒక షీటు అంచున ఉన్న రోడ్డు పక్క షీటు అంచున ఉన్న రోడ్డుతో కలవకపోతే, డ్రాయింగువాళ్ళు పెన్సిలుతో ఇటు కాస్త, అటు కాస్త జరిపి అతికేసేవాళ్ళు. అదొక అలవాటు, తప్పని ఎవరూ అనుకోలేదు. షీట్లు వేరువేరు సొరుగుల్లో పడుకుంటే కలిశాయో లేదో ఎవరు చూడొచ్చారు? కాగితానికి మొహమాటం ఎక్కువ. నీ యంత్రానికి అది లేదు. అన్ని షీట్లూ పక్కపక్కన పరిచేసరికి చిన్న చిన్న తేడాలు అన్నిట్లోనూ బయటపడ్డాయి, నువ్వు సర్దేశావు. పదిహేడో వార్డు మాత్రం బిగుతు చొక్కాలో పొట్టలాగా నాలుగు వైపులా పొడుచుకొచ్చింది. దాని రోడ్లు పక్క వార్డు ఇళ్ళల్లోకి దూరాయి.

ఇస్త్రీ సారు ఏం చేశాడు? "ఆపరేటర్ అజాగ్రత్త" అని రెండు ముక్కలు రాసి నిన్ను యంత్రం ముందు నుంచి లేపి రికార్డు గదికి తోశాడు. ఎనిమిది నెలలు! జుట్టు నిండా బూజుతో ఇంటికొచ్చేదానివి. ఆఫీసులో ఎదురుపడితే కొందరు, ఏమయ్యా, మీ అమ్మాయి యంత్రం ఊరినే పెంచేసిందటగా అని నన్ను ఎకసెక్కాలాడేవాళ్ళు. అప్పుడు నేను నోరెత్తలేదు. అదే గదిలో కూర్చుని నువ్వు ఒక అంకె పట్టుకున్నావు. పదిహేడో వార్డు కొలతలన్నీ ఆ అంకెతో తగ్గిస్తే, నాలుగు అంచులూ నాలుగు పక్కలా వచ్చి చేతులు కలిపాయి. ఆ రిపోర్టు మీద అతగాడు తన సంతకం పెట్టుకున్నాడు. నువ్వు ఏడాది తిరక్కుండా ఉద్యోగం వదిలేసి వేరే ఊరు వెళ్ళిపోయావు. అక్కడ అంబులెన్సులు నీ మ్యాపుల మీద పరిగెడుతున్నాయి, నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు నలుగురికి నేర్పుతున్నారు. మొదలుపెట్టిన చోట మాత్రం నువ్వు అయిదో ఆపరేటర్‌వి!

పుస్తకంలో ఆ అంకె అచ్చు వేశారు. అక్షరాలా ఇది: "పదిహేడో వార్డుకు 0.99 అనే అంకెను పెద్దసారు తన ప్రతిభతో కనుగొన్నారు." ముప్పై ఏళ్ళలో ఆ అంకె ఏమిటో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నిన్నే మొదటిసారి చూశాను. ఎలా లేచానో తెలీదు, లేచి నిలబడ్డాను. సారూ, నేను పాత చైన్‌మన్‌ని, ఒక్క ప్రశ్న అన్నాను. అతగాడు నన్ను గుర్తుపట్టలేదు. అడగండి పెద్దాయనా, అన్నాడు చాలా దయగా. ఆ అంకె ఎక్కడిది సారూ, తొంభై తొమ్మిదే ఎందుకు, తొంభై ఎనిమిది ఎందుకు కాలేదు అని అడిగాను.

అతగాడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అవి పాత షీట్లు కదా, కాగితం వయసుకి కుంచించుకుపోతుంది, అదే ఈ తేడా అన్నాడు. అప్పుడు వెనక వరసలో ఒక గొంతు లేచింది. ఎవరనుకున్నావు? మీ ట్రేసింగక్క! నీతో పాటు పనిచేసిన ఆ ట్రేసింగావిడే, జుట్టు ముగ్గుబుట్టయింది గానీ నాలుక ఇంకా నల్లగానే ఉంది. కాగితం కుంచించుకుంటే అన్ని వార్డులూ కుంచించుకోవాలి కదా సార్, పదిహేడుకి ఒక్కదానికే చలేసిందా అంది. హాలంతా నవ్వు. అతగాడు, అమ్మా మీకు టెక్నికల్ సంగతులు తెలియవు అన్నాడు. ఆవిడ వదల్లేదు. సరే సార్, కుంచించుకుపోయిందే అనుకుందాం, కుంచించుకుపోయిన చొక్కాని పెద్దది చేస్తారా, ఇంకా కత్తిరిస్తారా, మీ అంకె కత్తిరిస్తోంది కదా అంది. తల్లీ, ఆ మాటకి ఇస్త్రీ సారు చొక్కా మడత మొదటిసారి నలిగింది. నా కళ్ళతో చూశాను.

ఆవిడ వేదిక మీదికెక్కి సంచిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీసింది. నీది. ఉద్యోగం మానేసిన రోజున చించెయ్ అక్కా అని నువ్విచ్చిందట. చించడానికి చేతులు రాలేదు, అందుకే దాచాను బాబాయ్ అంది నాతో. ఇప్పటి డైరెక్టరమ్మ, నీ కూతురి వయసే ఉంటుంది, అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. సెలవు రోజుల్లో నువ్వొక్కదానివే టేపు పట్టుకుని పదిహేడో వార్డులో అరవై ఒక్క చోట్ల మళ్ళీ కొలిచావట. ఆదివారాలు స్నేహితురాలింటికి అని వెళ్ళేదానివి, అది అదా! అరవై ఒక్క చోట్లా అదే అంకె. తేదీలన్నీ ఇస్త్రీ సారు రిపోర్టు కంటే ముందువే. ఒక పేజీలో మాత్రం రెండు వరసలు బ్లేడుతో గీకి ఉన్నాయి. పాత పుస్తకం కదా.

అప్పుడే డైరెక్టరమ్మ మైకులో నీ పేరు చదివింది. పలక మీద మళ్ళీ గుడ్డ కప్పించింది. నేను చప్పట్లు కొట్టి కొట్టి చేతులు వాచాయి. కానీ ఆ "ఏమో" ఎందుకన్నదో విను. ఇందులో లెక్క ఉంది, కారణం లేదు, పెద్దసారు చెప్పిన కారణమూ నిలవలేదు, ఈ అంకె ఎందుకొచ్చిందో కారణంతో సహా ఈవిడ రాసి సంతకం పెట్టి ఈ నెలాఖరులోగా ఇస్తే పలక మీద పేరు మారుస్తాం, ఇవ్వకపోతే రూలు ప్రకారం పాత రిపోర్టే నిలుస్తుంది అంది. ఇక్కడ పాత చైన్‌మన్లు ఉన్నారు కదా, ఎవరికైనా తెలుసా అని కూడా అడిగింది. నేను మంచినీళ్ళు తాగాను.

ఇల్లు చేరీ చేరగానే నీకు ఫోను చేశాను. ఎగిరి గంతేస్తావనుకున్నాను. నువ్వేమన్నావు? వద్దు నాన్నా, అయిపోయింది వదిలెయ్, నేనేమీ రాయను అన్నావు. ఎందుకు వద్దు? నీకేం తక్కువ? ముప్పై ఏళ్ళుగా నీ కష్టాన్ని ఒకడు తన కోటు జేబులో పెట్టుకు తిరుగుతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా? నాలుగు వాక్యాలు రాయడానికి నీ చెయ్యి విరిగిందా? ఊరినంతా యంత్రంలో పెట్టినదానివి, నీ పేరు ఒక పలక మీద పెట్టుకోలేవా? నేనంత గొంతు చించుకున్నా, అన్నం తిన్నావా నాన్నా అని అడిగి ఫోను పెట్టేశావు. తినలేదు! కోపంతోనే కడుపు నిండిపోయింది.

ఈ ఉత్తరం అందిన రోజునే కాగితం తీసి రాయి. ఇది తండ్రి ఆజ్ఞ. నేను నిన్ను ఏనాడూ ఆజ్ఞాపించలేదు, ఇదొక్కటి. అల్లుడుగారికి నా నమస్కారాలు, మనవరాలికి ముద్దులు. నీ తల మీద నా చెయ్యి ఎప్పుడూ ఉందనుకో.

ఇట్లు,
నీ మీద కోపంతో, అంతకు పదింతల గర్వంతో,
నాన్న

తా.క.
బుధవారం, మధ్యాహ్నం

కవరు అంటించబోతుంటే మీ అమ్మ ఉత్తరం లాక్కుని చదివింది. చదివి, మిగతాది ఎవరు రాస్తారు, పోస్ట్‌మనా అని అడిగింది. నలభై తొమ్మిదేళ్ళుగా ఆవిడ నన్నడగని మాట అది. అందుకని రాస్తున్నాను.

గొలుసు నాది తల్లీ.

పదిహేడో వార్డు కొలిచేటప్పుడు రాళ్ళ బండి చక్రం ఎక్కి నా గొలుసు తెగింది. ఒక లింకు నుజ్జయిపోయింది. దాన్ని తీసి పారేసి, అటు లింకునీ ఇటు లింకునీ కలిపి కొట్టేశాను. గొలుసు తెంపిన తాత్కాలిక మనిషిని ఆ పూటే ఇంటికి పంపేసేవాళ్ళు. ఆ నెలలోనే పర్మనెంటు జాబితా వస్తుందన్నారు. ఆ నెలలోనే నిన్ను బడిలో వేశాం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ అయిదు నెలలు దానితోనే కొలిచాను. ఆ అయిదు నెలలూ ఆవరణలోని రాళ్ళ దగ్గరికి నా గొలుసు తీసుకెళ్ళలేదు. పూలకుండీల మీద నాకెందుకంత కోపమొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? మరుసటి ఏడు టేపులొచ్చాయి, ఆ గొలుసు స్టోరులో పడింది. నేను రిటైరైన రోజున దండ వేసి, జ్ఞాపికగా అదే గొలుసు నా చేతిలో పెట్టారు. పాతికేళ్ళుగా నా మంచం కింద ఉంది.

నీ యంత్రం తప్పు చేసిందని నిన్ను రికార్డు గదిలో పడేసినప్పుడు, తప్పు ఎక్కడుందో నాకు అనుమానం తగిలింది. అయినా నోరు మూసుకున్నాను. నాకింకా ఆరేళ్ళ నౌకరీ ఉంది. ఇస్త్రీ సారు నీ పేరు దొంగిలించింది తర్వాత. నీ ఎనిమిది నెలలు ముందు దొంగిలించింది నేను. నిన్నంతా వాణ్ణి తిట్టిన తిట్లలో సగం నాకు రావాల్సినవి.

సోమవారం సభ అయ్యాక ట్రేసింగక్క ఆ గీకిన పేజీ నాకొక్కడికే వెలుతురుకి ఎత్తి చూపించింది. "కారణం" అన్న చోట ఏమీ కనపడలేదు. "గొలుసు లాగినది" అన్న చోట మాత్రం నువ్వెంత గీకినా నా పేరులో చివరి అక్షరం నిలబడే ఉంది. ఆవిడ పుస్తకం మూసేసింది. నువ్వు నీ పేరు ఎందుకడగలేదో అప్పుడర్థమైంది. అంకె నీదని చెప్పాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే నేను బయటపడతాను. అర్థమై కూడా నిన్న కూర్చుని నిన్నే తిడుతూ నాలుగు పేజీలు రాశాను. నా సిగ్గు దాచుకోవడానికి నీ మీద అరిచాను. చించేద్దామనుకున్నాను గానీ, పంపండి, మీరెలాంటివారో అమ్మాయికి తెలియంది కాదు అంది మీ అమ్మ.

ఇవాళ పొద్దున గొలుసు సంచిలో వేసుకుని ఆఫీసుకెళ్ళాను. డైరెక్టరమ్మ టేబులు మీద పరిచాను. పది లింకులకొక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, ఆరో బిళ్ళకీ ఏడో బిళ్ళకీ మధ్య లెక్కపెట్టమ్మా అన్నాను. ఆ పిల్ల వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. తెల్లకాగితం అడిగి జరిగిందంతా నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ట్రేసింగక్క సాక్షి సంతకం పెట్టింది. నా మీద ఏ చర్య తీసుకున్నా సరేనమ్మా అన్నాను. ఆ పిల్ల కాగితం ఫైల్లో పెట్టి, ముందు ఆ కుండీలు తీయిస్తాను తాతగారూ అంది.

కారణం ఇచ్చేశాను. ఇక నువ్వు దాచాల్సింది ఏమీ లేదు. నీ సంతకం ఒక్కటే మిగిలింది.

రికార్డు గదిలో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, గొలుసుకి ఎన్ని లింకులు నాన్నా అని అడిగావు. వంద అన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, సరే నాన్నా అని కంచంలోకి తల దించుకున్నావు.

తొంభై తొమ్మిది, తల్లీ.